ఆటోనగర్‌లో కొన్న పాత లేత్ మిషన్, ఏడాది వాడాక

విజయవాడ ఆటోనగర్‌లో పాత మిషన్లు అమ్మే ఒక షాపులో నాలుగున్నర అడుగుల లేత్ (రాడ్‌ని తిప్పుతూ టూల్‌తో చెక్కే మిషన్) తీసుకున్నా, కోన్ పుల్లీ మోడల్ (బెల్టు మెట్టు మార్చి స్పీడు మార్చేది), పంజాబ్ మేక్ అన్నాడు, 38 వేలు, ఆటో కిరాయి మనదే. కొన్న వారంలో రాసుంటే మొత్తం తిట్లే ఉండేవి, అందుకే ఏడాది ఆగా.

షాపుకి అయిదుకి ఒకటి. పచ్చ పెయింట్ తాజాగా కొట్టి బెడ్ (టూల్ జరిగే పట్టాల్లాంటి భాగం) నిండా గ్రీజు పూసి పెట్టాడు, నేనేమో ఆ నిగనిగ చూసి పడిపోయా. ఇంటికి తెచ్చి కిరసనాయిలుతో తుడిస్తే చక్ (రాడ్‌ని పట్టుకుని తిప్పేది) దగ్గర బెడ్ ఒక అడుగు మేర అరిగిపోయి ఉంది, గోరుతో గీస్తే మెట్టు తగులుతోంది. ఫోన్ చేస్తే "సెకండ్‌హ్యాండ్ అంటే అంతేగా సార్" అని పెట్టేశాడు. టూల్‌ని మోసే క్యారేజ్‌కి వదులు తీసే గిబ్ పట్టీని చక్ దగ్గర సరిపోయేలా బిగిస్తే అవతలి చివర టెయిల్‌స్టాక్ వైపు వెళ్ళేసరికి పట్టేస్తుంది, మధ్యస్తంగా పెట్టుకుని సర్దుకోవాల్సిందే.

మొదటిసారి 25 మిల్లీమీటర్ల ఎమ్మెస్ (మెత్తటి ఉక్కు) రాడ్ 150 మిల్లీమీటర్లు చక్ బయటికి పెట్టి తిప్పితే చక్ వైపుకీ ఆ చివరకీ 0.08 మిల్లీమీటర్ల తేడా, చివర లావు. బెడ్ పని అయిపోయింది అనుకున్నా. మా వీధిలో రిటైరైన టర్నర్ బాబాయి ఒకాయన ఉన్నాడు, వచ్చి చూసి "బెడ్డుని తిడతావేంట్రా, ముందు దాని కాళ్ళు చూడు" అన్నాడు. నిజంగానే నా షెడ్డు ఫ్లోరింగ్ ఒక మూల దిగి ఉంది, బోల్టులు బిగించగానే బెడ్ మెలి తిరిగిపోయింది. ఆ మెలి సరిచెయ్యాలంటే రాడ్ మధ్యలో సన్నం చేసి రెండు చివర్లా కాలర్లు (లావు పట్టీలు) వదిలి, సన్న కట్ ఒకటి తీసి మైక్రోమీటర్ పెట్టి చూడాలి. చివర లావుగా వస్తే టెయిల్‌స్టాక్ వైపు మన ముందున్న కాలు కింద షిమ్ (పల్చటి రేకు) వెయ్యాలి, బెడ్ వెనక్కి వాలి టూల్ జాబ్ (తిప్పే రాడ్) వైపు జరుగుతుంది. నేను కూల్‌డ్రింక్ టిన్ను కత్తిరించి ఒక్కో ముక్కే వేసుకుంటూ పోయా, మూడో ముక్కకి 0.02కి వచ్చింది. ఆ రాత్రి రెండింటిదాకా షెడ్డులోనే ఉన్నా, ఇంట్లో తిట్లు తిన్నా.

బెడ్ కిందకి అరగడం గురించి మరీ భయపడక్కర్లేదు. 50 మిల్లీమీటర్ల జాబ్ మీద టూల్ 0.1 కిందకి దిగినా సైజులో ఒక మైక్రాన్ కూడా మారదు, అదే పక్కకి జరిగితే మాత్రం డయామీటర్‌లో రెట్టింపు తేడా కొడుతుంది.

చక్ మాత్రం పనికిరాదు, జాస్ (రాడ్‌ని పట్టే పళ్ళు) ముందువైపు అరిగి గంట మూతిలా తెరుచుకున్నాయి, వెనకే పట్టుకుంటాయి ముందు వదులు, పార్టింగ్ (ముక్కని కోసి వేరు చెయ్యడం) చేస్తే మిషన్ మొత్తం గజగజ. నాలుగు పళ్ళూ విడివిడిగా జరిగే కొత్త ఫోర్ జా చక్ కొన్నా, డయల్ గేజ్ పెట్టి రాడ్‌ని సరిగ్గా మధ్యకి సెట్ చెయ్యడానికి పది నిమిషాలు పడుతుంది కానీ ఒక్క సెట్టింగ్‌లో అన్ని డయామీటర్లూ తిప్పేస్తే తేడా రాదు. టూల్‌ని అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ హ్యాండిల్‌కి బ్యాక్‌లాష్ (తిప్పినా టూల్ కదలని వదులు) చాలా ఉంది, ఎప్పుడూ బయటి నుంచి లోపలికే రావాలి, దాటిపోతే అర చుట్టు వెనక్కి తీసి మళ్ళీ రావాలి. ఫైన్ కట్‌కి కాంపౌండ్‌ని (దాని పైన ఏ కోణానికైనా తిప్పగలిగే చిన్న స్లైడ్) లేత్ పొడవుకి ఆరు డిగ్రీలకి కొంచెం తక్కువ, 5.74 దగ్గర తిప్పి పెట్టుకున్నా, డయల్ మీద 0.1 తిప్పితే టూల్ 0.01 లోపలికి వెళ్తుంది, డయామీటర్‌లో 0.02. ఆ గీత మార్కర్‌తో గీసేశా.

కార్బైడ్ టిప్‌లతో (బాగా గట్టి టూల్ మొనలు) నాకు కలిసి రాలేదు, ఈ మిషన్‌కి ఆ బలం లేదు. హెచ్ఎస్ఎస్ (హైస్పీడ్ స్టీల్) బిట్ పదును పెట్టి 350 ఆర్పీఎమ్ దగ్గర ఆయిల్ వేస్తూ పోతే ఫినిష్ అదిరిపోతుంది, పొట్టు నీలంగా మారకుండా చుట్టలు చుట్టలుగా వస్తుంది. సింగిల్ ఫేజ్ 1 హెచ్‌పీ మోటార్ చాలు, ఆన్ చేసినప్పుడు ఇంట్లో లైట్లు ఒకసారి డిమ్ అవుతాయి అంతే.

మిషన్‌కి మూడున్నర. హాఫ్ నట్ (థ్రెడ్ కోసేటప్పుడు క్యారేజ్‌ని స్క్రూకి పట్టించేది) అరిగి ఉంది కాబట్టి థ్రెడ్ కటింగ్‌కి ఇంకా చెయ్యి పెట్టలేదు. మొన్న పంపు షాఫ్ట్‌కి 6204 బేరింగ్ సీటు (బేరింగ్ కూర్చునే చోటు) తిప్పా, 20 మిల్లీమీటర్లు, బాబాయి మైక్రోమీటర్ తీసుకుని మూడు చోట్ల కొలిచాడు, ఏమీ అనలేదు, టీ పెట్టించమన్నాడు.