హెల్సింకిలో కారు లేకుండా తిరగడం: చాలాకాలం వాడాక నా రివ్యూ

ఫిన్‌లాండ్ రాజధాని హెల్సింకి వెళ్తున్నాం, కారు అద్దెకి తీసుకోవాలా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు, అందుకే ఒకేసారి రాసి పెడుతున్నా. మా చెల్లి వాళ్ళు పక్కనే ఎస్పోలో, లెప్పావారా అనే ఏరియాలో ఉంటారు. ఎండాకాలం వెళ్ళాను, గడ్డకట్టే చలిలో వెళ్ళాను, అమ్మానాన్నలతో వెళ్ళాను, చంటిపిల్లతోనూ వెళ్ళాను, ఒక్కసారీ కారు అద్దెకి తీసుకోలేదు, తీసుకోవాల్సిన అవసరమూ రాలేదు.

ముందు టికెట్ సంగతి అర్థం చేసుకోండి, మిగతాదంతా తేలికైపోతుంది. అక్కడ లోకల్ రవాణా మొత్తం హెచ్‌ఎస్‌ఎల్ అనే ఒకే సంస్థ చేతిలో ఉంటుంది, ట్రామ్, మెట్రో, బస్సు, లోకల్ ట్రైన్, ఆఖరికి సువోమెన్‌లిన్నా దీవికెళ్ళే పడవ కూడా, అన్నిటికీ ఒకటే టికెట్. ఊరిని ఎ, బి, సి, డి అని జోన్లు చేశారు. నడి ఊరు ఎ, దాని చుట్టూ బి, ఎయిర్‌పోర్ట్ సి. ఊళ్ళో తిరగడానికి ఎబి చాలు, విడి టికెట్ కొంటే 80 నిమిషాలు ఎన్ని బళ్ళు మారినా చెల్లుతుంది. రోజంతా తిరిగేవాళ్ళయితే డే టికెట్ తీసుకోండి, ఒక రోజు నుంచి 13 రోజుల దాకా ఎన్ని కావాలంటే అన్ని రోజులకి ఇస్తారు. యాప్ ఇండియాలో ఉండగానే డౌన్‌లోడ్ చేసుకుని కార్డు ఎక్కించుకోండి. మెట్రోకి మన హైదరాబాద్‌లోలా గేట్లు ఉండవు, నేరుగా కిందికి దిగి ఎక్కేయొచ్చు, కానీ చెకింగ్ వాళ్ళు ఎప్పుడైనా వస్తారు, జరిమానా బాగా గట్టిగా ఉంటుంది, టూరిస్టువని వదలరు. ఎక్కకముందే టికెట్ చేతిలో ఉండాలి.

ఎయిర్‌పోర్ట్ నుంచి ఐ, పి అని రెండు ట్రైన్లుంటాయి, ఏది ఎక్కాలో అని కంగారు పడక్కర్లేదు. 2015లో వేసిన ఆ లైన్ చుట్టూ తిరిగొచ్చే లైన్, ఒకటి ఇటు నుంచి, ఒకటి అటు నుంచి, రెండూ సెంట్రల్ స్టేషన్‌కే చేరతాయి, అరగంట అటూ ఇటూ. ఎబిసి టికెట్ మాత్రం మర్చిపోవద్దు. టాక్సీ అంటారా, 2018 నుంచి అక్కడ రేట్ల మీద కంట్రోల్ తీసేశారు, ఒక్కో కంపెనీది ఒక్కో రేటు, లైన్లో ముందున్న బండి ఎక్కాలని రూలేం లేదు. మా నాన్నగారి దగ్గర ఒక టాక్సీవాడు పక్క బండి రేటుకి దాదాపు రెండింతలు తీసుకున్నాడు. అద్దం మీద రేటు చూసుకుని, మొత్తం ఎంతవుతుందో ముందే అడిగి ఎక్కండి.

చంటిపిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఈ ఊరంత సుఖమైన ఊరు నేనింకోటి చూళ్ళేదు. ఏడేళ్ళలోపు పిల్లలకి టికెట్ లేదు, అది సరే, స్ట్రోలర్‌లో పిల్లని తోసుకొచ్చే పెద్దవాళ్ళకీ ఫ్రీ! మధ్య తలుపు దగ్గర స్ట్రోలర్ బొమ్మున్న బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, లోపల దానికోసమే ఖాళీ జాగా ఉంటుంది, ఎవరూ విసుక్కోరు, పైగా జరిగి చోటిస్తారు. మా చెల్లి ప్రసవం తర్వాత ఇల్లు కదలలేనేమో అనుకున్నది కాస్తా పాపని వేసుకుని ఊరంతా తిరిగిందంటే దానివల్లే.

బస్సుకి మాత్రం చెయ్యి ఊపాలి. స్టాప్‌లో నిలబడ్డాం కదా ఆపుతాడులే అనుకుంటే వెళ్ళిపోతాడు. డిసెంబర్‌లో పగలు ఆరు గంటలు కూడా సరిగ్గా ఉండదు, మధ్యాహ్నం మూడు దాటగానే చీకటి, నల్ల కోటు వేసుకుని నిలబడితే డ్రైవర్‌కి కనపడం. అక్కడివాళ్ళు కోటుకి చిన్న రిఫ్లెక్టర్ బిళ్ళ వేలాడదీసుకుంటారు, కొందరు ఫోన్ లైట్ వేసి ఊపుతారు, మీరూ అదే చెయ్యండి. ఇంకోటి, చలికాలం అసలు ఇబ్బంది చలి కాదు, జారుడు. మంచు కరిగి రాత్రికి మళ్ళీ గడ్డకడితే ఫుట్‌పాత్ అద్దంలా అయిపోతుంది, దానిమీద చిన్న కంకర చల్లుతారు కానీ అన్నిచోట్లా చాలదు. బూట్ల కింద తగిలించుకునే ముళ్ళ పట్టీలు అక్కడి షాపుల్లో దొరుకుతాయి, పెద్దవాళ్ళుంటే మొదటిరోజే కొనేయండి.

సువోమెన్‌లిన్నాకి రెండు కాలాల్లోనూ వెళ్ళండి. 1748లో కట్టడం మొదలెట్టిన సముద్రపు కోట, 1991 నుంచి యునెస్కో లిస్టులో ఉంది, ఇప్పటికీ ఎనిమిది వందల మంది దాకా అక్కడ కాపురం ఉంటున్నారు, కాబట్టి పడవ ఏడాది పొడుగునా నడుస్తుంది. కౌప్పతోరి మార్కెట్ దగ్గర, ప్రెసిడెంట్ గారి భవనం వైపున్న రేవులో ఎక్కాలి, పావుగంట ప్రయాణం. ఎండాకాలం పక్కనే ప్రైవేటు పడవలూ ఉంటాయి, వాటికి మీ టికెట్ చెల్లదు, చూసి ఎక్కండి. ఫిబ్రవరిలో వెళ్ళినప్పుడు సముద్రం గడ్డకట్టి ఉంది, పడవ ముందుకెళ్తుంటే మంచు పలకలు పటపటమని పగిలి పక్కకి తొలగి మళ్ళీ వెనకాల కలుసుకుంటుంటే అమ్మ కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. దీవిలో దారులన్నీ రాళ్ళు పరిచినవి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని రాజుగారి ద్వారం దాకా నడిపించకండి, రేవు చుట్టుపక్కలే చాలా ఉంది చూడ్డానికి.

ఊళ్ళో ట్రామే రాజు. గుర్రాలు లాగే ట్రామ్ 1891లో మొదలైంది, ఇప్పటికీ జనం రోజూ వాడే బండి అదే. 2, 3 నంబర్లు పట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటే ముఖ్యమైన వీధులన్నీ కనిపిస్తాయి, టూరు బస్సుకి డబ్బులు పోయడం దండగ. మెట్రో 1982 నాటిది, ప్రపంచంలో ఇంతకంటే ఉత్తరాన మెట్రో లేదు, స్టేషన్లు బాగా లోతు, ఎస్కలేటర్ చూసి భయపడేవాళ్ళకి లిఫ్ట్ ఉంటుంది. సెయురాసారి అనే మ్యూజియం దీవికి 24 నంబర్ బస్సు ఆఖరి స్టాప్ దాకా వెళ్ళండి, పాతకాలం చెక్క ఇళ్ళు, చేతిలో గింజలు ఉంటే దగ్గరికొచ్చేసే ఉడతలు, పిల్లలు ఇంటికి రారు ఇంక.

ఊరి బయటికి వచ్చేసరికి కొంచెం జాగ్రత్త కావాలి. నూక్సియో అడవికి ట్రైన్లో ఎస్పో సెంటర్ దాకా, అక్కణ్ణుంచి 245 బస్సు, ఎబిసి టికెట్. ఆగస్టులో బ్లూబెర్రీలు ఎవరైనా కోసుకోవచ్చు, పర్మిషన్ అక్కర్లేదు, మేం పులిహోర డబ్బాలు పట్టుకెళ్ళి చెరువు పక్కన తిని, చేతులూ నోళ్ళూ నీలం చేసుకుని వచ్చాం. కానీ ఆ బస్సు ఊళ్ళో ట్రామ్‌లా ఐదు పది నిమిషాలకోటి రాదు, ఆదివారం ఇంకా తక్కువ, దిగగానే తిరుగు బస్సు టైం చూసుకోండి, అడవిలో చలిలో గంటసేపు నిలబడటం పెద్దవాళ్ళవల్ల కాదు. పోర్వో అనే పాత ఊరికి హెచ్‌ఎస్‌ఎల్ టికెట్ పనిచెయ్యదు, కాంప్పి బస్టాండ్ నుంచి వేరే బస్సులు, గంట ప్రయాణం, నది ఒడ్డున ఎర్ర గోదాములు చూసి సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు. ఎస్టోనియా రాజధాని తాలిన్‌కి ఓడలో రెండు గంటలు, అదీ షెంగెనే (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు) కాబట్టి విడిగా వీసా అక్కర్లేదు, పాస్‌పోర్ట్ మాత్రం హోటల్లో వదిలెయ్యకుండా జేబులో పెట్టుకోండి.