ఆరు బుగ్గలు, నాలుగు వానాకాలాలు

మా అమ్మ దాన్ని ఇప్పటికీ ఆంప్ అనదు, "బుగ్గల డబ్బా" అంటుంది. తప్పేం లేదు. హన్మకొండలో మా ఇంట్లో పుస్తకాల అలమర మధ్య అరలో నాలుగేళ్లుగా ఉన్న ఈ హెడ్‌ఫోన్ ఆంప్ (సిగ్నల్‌కు బలమిచ్చి హెడ్‌ఫోన్‌కు పంపే డబ్బా) నెత్తిమీద రెండు గాజు బుగ్గలుంటాయి, వాటినే వాల్వులంటారు. ముందున్న చిన్నది 6ఎస్ఎన్7, అది సిగ్నల్‌ను పెంచుతుంది. వెనకున్న బొద్దుది 6ఏఎస్7, అది హెడ్‌ఫోన్‌ను నడుపుతుంది. మధ్యలో ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు కాబట్టి ఈ రకాన్ని ఓటీఎల్ (ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లెస్) అంటారు. చైనా తయారీ. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే నేను చెప్పబోయేది ఆంప్ గురించి కాదు, దానిలో బుగ్గలు మార్చుకుంటూ పోవడం గురించి. ఆంప్‌కు 24 వేలైతే, ఆ తర్వాత వాల్వులకు విడతలవారీగా ఇంకో 19 వేలు పెట్టాను. హెడ్‌ఫోన్ మాత్రం మొదటినుంచీ ఒక్కటే, 300 ఓంల సెన్‌హైజర్ హెచ్‌డీ 600 (ఓంలంటే కరెంటుకు అది ఎంత అడ్డుపడుతుందో చెప్పే కొలత).

ఆంప్‌తో వచ్చినవి చైనా 6ఎన్8పి (ముందుదానికి, 6ఎస్ఎన్7 బదులు), 6ఎన్5పి (వెనకదానికి, 6ఏఎస్7 బదులు). మూడు నెలలు వాటితోనే విన్నాను. బాగానే ఉండేది, ఎడమ చెవిలో ఒక సన్నటి గుయ్‌మనే చప్పుడు తప్ప. పగలు తెలిసేది కాదు. రాత్రి పదకొండు దాటి వీధి సద్దుమణిగాక, పాటకూ పాటకూ మధ్య, దోమ తిరిగినట్టు వినిపించేది.

అందుకని ముందు సాకెట్‌కు, 6ఎస్ఎన్7 బదులు పెట్టే రష్యన్ 6ఎన్8ఎస్ ఒకటి తెప్పించాను. గాజు మీద అచ్చు చూస్తే 6హెచ్8సి అని ఉన్నట్టు కనిపిస్తుంది. అవి ఇంగ్లిష్ అక్షరాలు కావు, రష్యన్ లిపిలో 'న', 'స'. అమ్మేవాళ్లు రెండు రకాలుగానూ రాస్తారు కాబట్టి రెండు పేర్లతోనూ వెతకాలి. సోవియట్ కాలం సరుకు, మీద 83 అని సంవత్సరం కూడా ఉంది. పెట్టి ఆన్ చేశాను. గుయ్ పోయింది. గొంతులు ముందుకొచ్చాయి. ఘంటసాల పాడుతుంటే ఊపిరి తీసుకునే చోటు కూడా తెలిసింది. ఆ రాత్రి దోస్తుకు పంపిన మెసేజ్ ఇంకా ఫోన్‌లో ఉంది: "తెర తీసినట్టుందిరా." ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది, ఎందుకో ముందుకెళ్తే తెలుస్తుంది.

ఒకటి పనిచేసిందంటే రెండోదానికి చెయ్యి ఆగదు. 2022 మార్చిలో రష్యా నుంచి వాల్వుల ఎగుమతి ఆగిపోయిందన్న వార్త వచ్చింది. ధరలు ఎగబాకుతాయనే టెన్షన్‌లో, రష్యాలో ఇప్పటికీ తయారయ్యే టుంగ్-సోల్ 6ఎస్ఎన్7 ఒకటి కొనేశాను. తర్వాత పాత అమెరికన్ ఆర్‌సీఏ 6ఎస్ఎన్7జీటీబీ. వెనక సాకెట్‌కు ఒక 6080, అంటే 6ఏఎస్7నే నిటారు గాజులో, దెబ్బలకు ఓర్చుకునేలా గట్టిగా కట్టిన రూపం. మొత్తం ఆరు. ఏడోది కూడా ఉండాల్సింది. పార్శిల్ విప్పేసరికి బుగ్గ పైన ఉండాల్సిన వెండి పూత పాలలా తెల్లబడి ఉంది. ఆ పూత లోపల మిగిలిన గాలిని పట్టుకోవడానికి ఉంటుంది, అది తెల్లబడిందంటే గాజు ఎక్కడో పగిలి గాలి దూరిందన్నమాట. అమ్మినాయన డబ్బులు తిరిగివ్వలేదు. ఫొటో పంపితే "మేం పంపినప్పుడు బాగానే ఉంది" అన్నాడు, అంతే.

అసలు పాఠం వరంగల్ స్టేషన్ దగ్గరి సందులో జరిగింది. ఎక్కువ డబ్బు పోసి కొన్న ఆర్‌సీఏది రెండు నెలలకే చర్‌చర్‌మనడం మొదలుపెట్టింది. ఒకప్పుడు వాల్వు రేడియోలు బాగుచేసిన పెద్దాయన ఇంకా దుకాణం తెరుస్తున్నాడని తెలిసి, ఆంప్‌నూ వాల్వులన్నిటినీ తువ్వాలలో చుట్టుకుని పోయాను.

"ఎన్నేండ్లాయె బిడ్డా గీ వాల్వులు చూడక!" అంటూ ఆర్‌సీఏది తీసి వెలుతురుకు పట్టాడు. "పూత మంచిగనే ఉన్నది. పానం ఉన్నది దీంట్ల. కాళ్లు చూడు, ఎట్ల నల్లవడ్డయో."

నిజమే. ఎనిమిది కాళ్లూ మసిబారి ఉన్నాయి. డ్రాయర్ లోంచి పిల్లలు వాడే సిరా రబ్బరు తీసి, దాని గరుకు వైపుతో ఒక్కో కాలినీ తిప్పి తిప్పి తుడిచాడు. తర్వాత స్పిరిట్ ముంచిన దూదితో ఇంకోసారి. ఆంప్ ప్లగ్గు పీకి, లోపలి కెపాసిటర్లలో ఛార్జ్ దిగిపోయిందని మీటర్‌తో చూసుకున్నాకే సాకెట్ లోపలి వదులైన రేకులను సూదితో కొంచెం దగ్గరికి నొక్కాడు. పెట్టి చూస్తే చర్‌చర్ లేదు. పనిలో పనిగా నా సంచిలో ఉన్న మిగతావాటి కాళ్లూ తుడిచి, ఆంప్‌తో వచ్చిన ఆ చైనా బుగ్గను, నేను గుయ్‌మంటుందని పక్కన పడేసినదాన్నే, పెట్టి వినమన్నాడు.

గుయ్ లేదు.

అంటే నేను మెచ్చుకున్న తేడాలో సగం సోవియట్ పనితనం కాదు, శుభ్రమైన కాళ్లు.

ఆయనే ఇంకో సంగతి పట్టుకున్నాడు. ఈ వాల్వుల హీటర్‌కు (లోపల వేడెక్కే తీగకు) 6.3 వోల్టులుండాలి, పదిశాతం అటూ ఇటూ అయితే పర్వాలేదు. మీటర్ పెడితే 6.9 పైన చూపించింది. ఆంప్ ట్రాన్స్‌ఫార్మర్ 220 వోల్టులకు చుట్టినది, ఆ సాయంత్రం లైన్‌లో వస్తున్నది 243. "గిట్ల మండితే జల్దిన ముసలిదైతది" అన్నాడు. మా ఇంట్లో కూడా రాత్రి పది తర్వాత అంతే వస్తోంది. మర్నాడే చిన్న సర్వో స్టెబిలైజర్ కొని 220కి సెట్ చేయించాను. నన్నడిగితే ఈ నాలుగేళ్లలో పెట్టిన ఖర్చుల్లో తెలివైనది అదొక్కటే.

వచ్చేముందు డ్రాయర్‌లో ఒక పక్కనున్న బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులు చూపించాడు, నా ఆంప్‌కు పట్టని తొమ్మిది కాళ్ల చిన్నవి. బెంగళూరులో బీఈఎల్ 1961లో రేడియో వాల్వులు తయారుచేయడం మొదలుపెట్టింది. "ట్రాన్సిస్టర్లు వచ్చినంక గివన్ని తూకానికి అమ్మిన. మీరేమో ఫారెన్ నుంచి పైసలు పెట్టి తెప్పిస్తున్నరు" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ తర్వాతే అనుమానం పట్టుకుంది: మిగిలిన సగం తేడా అయినా నిజంగా వింటున్నానా, లేక వేలు పోశాను కాబట్టి వినిపిస్తోందా? ఇంటర్ చదువుతున్న మా అమ్మాయిని కూర్చోబెట్టాను. హెచ్‌డీ 600 కేబుల్ మూడు మీటర్లుంటుంది, దాంతో పని సులువైంది. నేను అలమరకు వీపు పెట్టి కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను. తను రూపాయి బిళ్ల ఎగరేసి, సోవియట్‌దో ఆర్‌సీఏదో ఒకటి పెట్టి, ఒక టోన్ వేసి ఔట్‌పుట్‌ను మల్టీమీటర్‌తో ప్రతిసారీ ఒకే అంకెకు తెస్తుంది. ఇది వదిలేస్తే పరీక్షే దండగ, కాస్త గట్టిగా వినిపించేదే మన చెవికి మంచిదనిపిస్తుంది. రోజుకు ఒక్కటే, పది సాయంత్రాలు. అవే మూడు పాటలు, ఒక ఒగ్గుకథ రికార్డింగు.

పదిలో ఆరు సరిగ్గా చెప్పాను. బిళ్ల ఎగరేసినా అయిదు వస్తాయి కదా.

"నాన్నా, తప్పు చెప్పిన రోజే నువ్వు గట్టిగా చెప్పినవ్" అంది మా అమ్మాయి నోట్‌బుక్ చూపిస్తూ.

ఒగ్గుకథలో డోలు మొదటి దెబ్బ దగ్గర రెండింటికీ తేడా ఉందని నేను ఒట్టేసి చెప్పగలను. కానీ ఆ నోట్‌బుక్ ఒప్పుకోదు.

మరి వాల్వు ఆంప్‌లో జనం చెప్పుకునే ఆ నిండుతనం అబద్ధమా అంటే, కాదు. అది ఏ బుగ్గ పెట్టినా ఉంటుంది. ఈ రకం ఆంప్‌కు ఔట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే ఆంప్ లోపలి ఓంలు, ఎక్కువ. నూరు ఓంల దరిదాపుల్లో ఉందనుకోండి. హెచ్‌డీ 600ను 300 ఓంలంటారు కానీ నూరు హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే బాస్ దగ్గర, అది 500 దాటిపోతుంది. ఓంలు ఎక్కువున్న చోట ఆంప్ నుంచి ఎక్కువ వోల్టేజీ అందుతుంది, కాబట్టి బాస్ సుమారు ఒక డెసిబెల్ లేస్తుంది. మృదంగం వెచ్చగా వినిపించడానికి అది చాలు. అదే 16 ఓంల ఇయర్‌ఫోన్ పెడితే ఇదే ఆంప్ చచ్చుగా, చప్పగా ఉంటుంది. మీ హెడ్‌ఫోన్ తక్కువ ఓంలదైతే ఎన్ని బుగ్గలు మార్చినా డబ్బు దండగ.

వెనక సాకెట్‌లో 6080 పెట్టినా, 6ఎన్5పి పెట్టినా నాకు తేడా తెలియలేదు. 6ఏఎస్7 అసలు పాటల కోసం పుట్టింది కూడా కాదు, పవర్ సప్లైలో వోల్టేజీ స్థిరంగా ఉంచే పనికి తయారుచేశారు. టుంగ్-సోల్‌ది మంచిదే, చప్పుడు లేదు, చెప్పడానికి ఇంకేం లేదు.

మార్చాలనుకునేవాళ్లకు ఒక్క హెచ్చరిక. 6ఎస్ఎన్7కు, 6ఏఎస్7కు ఒకే ఎనిమిది కాళ్ల అడుగు, హీటర్ కాళ్లు కూడా అవే. పొరపాటున ఒకదాని సాకెట్‌లో ఇంకోటి చక్కగా దిగిపోతుంది. కానీ ఒకటి 0.6 ఆంపియర్లు తాగితే రెండోది 2.5 తాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. స్విచ్ ఆపి పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి, గాజును కాకుండా కింది నల్లటి అడుగును పట్టుకుని, నిటారుగా లాగండి. ఆన్ చేసేటప్పుడు హెడ్‌ఫోన్ పీకి ఉంచండి. లోపల రెండొందల వోల్టుల పైనే ఉంటుంది, చూద్దామని మూత విప్పొద్దు.

ఇంకోటి, ఇది మన ఎండలకు పనికొచ్చే వస్తువు కాదు. వెనక బుగ్గ హీటరుకే దాదాపు 16 వాట్లు, ముందుదానికి ఇంకో 4, ఇదంతా పాట మొదలుకాకముందే. మే నెలలో బయట 44 డిగ్రీలున్నప్పుడు దీని పక్కన కూర్చోవడం పొయ్యి పక్కన కూర్చోవడమే. ఏప్రిల్‌లో గుడ్డ కప్పేస్తాను, మొదటి వాన పడ్డాక తీస్తాను.

ఈసారి గుడ్డ కప్పినప్పుడు ముందు సాకెట్‌లో ఉన్నది ఆంప్‌తో వచ్చిన చైనా బుగ్గే. ఆర్‌సీఏది దూదిలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టాను. అమ్మేద్దామని ఫొటోలు తీసి మూడు నెలలైంది. ఇంకా ఎవరికీ పంపలేదు.