మెటాలిక్ రంగు: దెబ్బ తగిలిన ప్యానెల్ వరకే వేయించాలా, పక్క ప్యానెల్‌లోకి కలపాలా?

బండి సిల్వర్ కలర్, ముందు డోర్‌కి దెబ్బ తగిలింది. పెయింటర్ చూసి, "ఇటు ఫెండర్‌లోకి, అటు వెనక డోర్‌లోకి కూడా కొంచెం రంగు తీసుకెళ్లాలండీ" అంటాడు. వెంటనే మనకు అనుమానం మొదలవుతుంది. దెబ్బ ఒక్క డోర్‌కే కదా, చెక్కు చెదరని ఫెండర్‌ని ఎందుకు ముట్టుకోవాలి, బిల్లు పెంచడానికేనా? ఈ అనుమానంతోనే చాలామంది "ఆ డోర్ ఒక్కటే చేయండి చాలు" అని పట్టుబడతారు. వారం తర్వాత ఎండలో బండిని పక్క నుంచి చూస్తే ఆ డోర్ వేరే బండి నుంచి తెచ్చి తగిలించినట్టు కనిపిస్తుంది. అప్పుడు మళ్లీ పెయింటర్‌తో గొడవ.

ముందే చెప్పేస్తాను. సిల్వర్, షాంపేన్, లేత గోల్డ్, లేత గ్రే లాంటి మెటాలిక్ రంగులకు పక్క ప్యానెల్‌లోకి కలపడం, అంటే బ్లెండింగే మేలు. ముదురు మెటాలిక్ అయితే, ముందుగా రంగు కొట్టి చూసే టెస్ట్ కార్డు మీద షేడ్ నిజంగా కలిస్తే, ప్యానెల్ చుట్టూ స్పష్టమైన గ్యాప్ ఉంటే, ఆ ఒక్క ప్యానెల్‌తో సరిపెట్టుకోవచ్చు. గీత పడిన చోటే రంగు కొట్టి, ప్యానెల్ మధ్యలోనే క్లియర్ కోట్ (రంగు పైన వేసే పారదర్శకమైన మెరుపు పొర) ఆపేసే మూడో పద్ధతి ఒకటుంది. కొద్ది రోజుల్లో అమ్మేసే బండికైనా సరే, నేను దాన్ని సిఫార్సు చేయను.

ఎందుకో అర్థం కావాలంటే మెటాలిక్ రంగులో ఏముందో తెలియాలి. మామూలు తెలుపు, ఎరుపు రంగుల్లో ఉండేది పిగ్మెంటే, అంటే రంగునిచ్చే పొడే, ఏ వైపు నుంచి చూసినా దాదాపు ఒకేలా ఉంటుంది. మెటాలిక్‌లో పిగ్మెంట్‌తో పాటు అల్యూమినియం రేకులు ఉంటాయి. కంటికి విడిగా ఆనని ఈ ముక్కలు ఒక్కొక్కటీ చిన్న అద్దం లాంటివి. అవి ప్యానెల్‌కి సమాంతరంగా పడుకుంటే ఎదురుగా చూసినప్పుడు రంగు తెల్లగా మెరుస్తుంది, పక్కకు వెళ్లి చూస్తే నల్లబడుతుంది. అడ్డదిడ్డంగా నిలబడితే ఎదురుగా కాస్త ముదురుగా, పక్క నుంచి కాస్త లేతగా ఉంటుంది. కోణాన్ని బట్టి ఇలా రంగు మారడాన్ని పెయింటర్లు ఫ్లాప్ అంటారు. పెర్ల్ రంగుల్లో అల్యూమినియంకి బదులు, లేదా దానితో పాటు, టైటానియం డయాక్సైడ్ పూత ఉన్న మైకా ఉంటుంది, అక్కడ ఇంకో అదనపు మెరుపు చేరుతుంది.

అంటే డబ్బాలో ఉన్న రంగు ఒకటే అయినా, రేకులు ఎలా పడుకున్నాయన్నదాన్ని బట్టి షేడ్ మారిపోతుంది. దాన్ని తేల్చేది గన్ పట్టిన చెయ్యి. తడిగా, దగ్గరగా కొడితే రేకులు కుదురుకునే లోపు రంగులో మునిగి అటూ ఇటూ తిరుగుతాయి, ఎదురుగా ముదురుగా వస్తుంది. గాలి ప్రెషర్ పెంచి, దూరం నుంచి, కాస్త పొడిగా కొడితే లేతగా వస్తుంది. ఆ రోజు వేడి ఎంత ఉంది, థిన్నర్ త్వరగా ఆరే రకమా నెమ్మదిగా ఆరే రకమా, గన్ నాజిల్ సైజు ఎంత, ఒక వరస మీద ఇంకో వరస ఎంత ఎక్కించారు అన్నవన్నీ లెక్కలోకి వస్తాయి. ఫ్యాక్టరీలో రోబోలు వేగంగా తిరుగుతూ రంగుని చిమ్మే బెల్ కప్పులతో, విద్యుత్ ఆవేశంతో రంగు బాడీకి అంటుకునే ఎలక్ట్రోస్టాటిక్ పద్ధతిలో రంగు వేస్తాయి, క్లియర్‌ని సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. రిపేర్ చేసే చోట చేత్తో స్ప్రే గన్, బూత్‌లో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టడం. ఇంత తేడా ఉన్నప్పుడు అచ్చం అదే షేడ్ రావాలనడం ఏ పెయింటర్‌కైనా పెద్ద పరీక్షే. మంచి పెయింటర్ చాలా దగ్గరకు తీసుకొస్తాడు. మిగిలిన ఆ కాస్త తేడాని ఎక్కడ దాచాలన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ చాలామంది "కలర్ కోడ్ ఇచ్చాం కదా, ఇంకేం కావాలి" అంటారు. డోర్ పిల్లర్ దగ్గరో, బానెట్ కిందో స్టిక్కర్ మీద ఉండే కోడ్ మొదటి మెట్టు మాత్రమే. ఒకే కోడ్ బండి వేర్వేరు ఫ్యాక్టరీల్లో, వేర్వేరు ఏళ్లలో, వేర్వేరు బ్యాచ్ రంగుతో తయారవుతుంది. అందుకే రిపేర్ పెయింట్ కంపెనీలు ఒకే కోడ్‌కి కొంచెం లేత, కొంచెం ముదురు, ముతక మెరుపు, సన్న మెరుపు అంటూ పలు వేరియంట్లు ఇస్తాయి. పైగా బండి ఎన్నేళ్లు ఎండలో నిలబడిందన్నది కోడ్‌కి తెలియదు. వేరియంట్‌ని ఎంచడానికి రంగు నమూనా చిప్‌ల పుస్తకాన్ని ప్యానెల్ పక్కన పెట్టి కంటితో చూడొచ్చు, లేదా రంగుని కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ అనే చేతి మెషీన్ వాడొచ్చు. మెటాలిక్ కోసం వాడే మెషీన్ ఒకే కోణంలో చదివితే లాభం లేదు. 15, 45, 110 డిగ్రీల లాంటి కనీసం మూడు కోణాల్లో చదివేది కావాలి. మెషీన్ మేలా, కన్ను మేలా అంటే, మొదటి ఫార్ములా వెతకడానికి మెషీన్ మేలు, చివరి తీర్పుకి కన్నే మేలు. ఎందుకంటే మీరు ఆ బండిని చూసేది కన్నుతోనే, గన్ పట్టుకున్న మనిషి చెయ్యి ఎలా పడుతుందో మెషీన్‌కి తెలియదు.

ఏ మెషీన్ వాడినా, చదివే ముందు పక్క ప్యానెల్‌ని శుభ్రంగా కడిగి పాలిష్ చేయాలి. మాసిపోయిన, ఎండకు మసకబారిన క్లియర్ మీద చదివితే ఆ మసకకి మ్యాచ్ అవుతుంది. ఆరు నెలల తర్వాత ఎవరైనా బండిని పాలిష్ చేయించగానే తేడా బయటపడుతుంది. చిన్న పనే, కానీ తొందరలో చాలాచోట్ల వదిలేసేది ఇదే.

ఆ తర్వాత టెస్ట్ కార్డు. కలిపిన రంగుని నేరుగా డోర్ మీద కొట్టకుండా ముందు ఒక కార్డు మీద కొట్టాలి, అదే గన్‌తో, అదే ప్రెషర్‌తో, డోర్ మీద ఎన్ని కోట్లు వేయబోతున్నారో అన్ని కోట్లు. కార్డు మీద ప్రైమర్ (రంగు కింద వేసే పొర) కూడా డోర్ మీద ఉన్న గ్రే షేడ్‌లోనే ఉండాలి, ఎందుకంటే పల్చగా కప్పే రంగుల కింద ప్రైమర్ తెలిసిపోతుంది. క్లియర్ కూడా వేయాలి, క్లియర్ లేని బేస్ కోట్ (క్లియర్ కింద ఉండే రంగు పొర) నమ్మదగ్గది కాదు. ఆరాక కార్డుని ఫెండర్ మీద ఆనించి, పగటి వెలుతురులో ఎదురుగా ఒకసారి, బాగా పక్క నుంచి ఒకసారి చూడాలి. ట్యూబ్‌లైట్ కింద కలిసిన రంగు ఎండలో విడిపోవచ్చు, దాన్నే మెటామెరిజం అంటారు. కార్డు కొట్టకుండా "నాకు ఈ రంగు అలవాటేనండీ" అనే పెయింటర్‌కి నా బండి ఇవ్వను, ఎంత అనుభవం ఉన్నా సరే.

ఇప్పుడు రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెడదాం. ఒక్క ప్యానెల్ పద్ధతిలో రంగు డోర్ అంచు దగ్గర ఆగిపోతుంది. పని తక్కువ, రంగు తక్కువ, పక్క ప్యానెళ్ల ఫ్యాక్టరీ పెయింట్ ముట్టుకోకుండా ఉంటుంది. ఈ చివరి లాభం చిన్నది కాదు, రేపు అమ్మేటప్పుడు ఎవరైనా గేజ్‌తో మందం చూస్తే ఒక్క డోర్ మీదే ఎక్కువ వస్తుంది. నష్టం ఏమిటంటే, షేడ్‌లో ఏ కాస్త తేడా ఉన్నా సరిగ్గా గ్యాప్ దగ్గర, పాత రంగు కొత్త రంగు ఎదురెదురుగా నిలబడిన చోట, కన్ను పట్టేస్తుంది. సిల్వర్‌లో అయితే రెండు మూడు అడుగుల దూరం నుంచి కలిసినట్టే ఉండి, పది అడుగులు నడిచి కోణం మారగానే విడిపోతుంది. ముదురు నీలం, నలుపు మెటాలిక్‌లలో రేకులు తక్కువ, ముదురు పిగ్మెంట్ ఎక్కువ, అందుకే తేడా అంతగా తెలియదు.

బ్లెండింగ్‌లో డోర్ మీద రంగు పూర్తిగా కప్పేలా వేసి, పక్క ఫెండర్ మీద మాత్రం డోర్ వైపు నుంచి మొదలుపెట్టి మెల్లగా పల్చబరుస్తూ, ఫెండర్‌లో మూడో వంతో సగమో వచ్చేసరికి ఏమీ లేకుండా చేస్తారు. ఆ తర్వాత క్లియర్‌ని ఫెండర్ చివరి వరకూ, అంచు నుంచి అంచుకి, పూర్తిగా వేస్తారు. ఇక పాత రంగుకి, కొత్త రంగుకి మధ్య గీత అంటూ ఉండదు. తేడా ఉన్నా అది రెండు ప్యానెళ్ల పొడవునా పరుచుకుంటుంది కాబట్టి కన్నుకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. దెబ్బ తగలని ఫెండర్‌ని చెక్కేస్తారని కొందరు భయపడతారు, అలాంటిదేమీ లేదు. క్లియర్ పట్టుకోవడానికి పైపైన సన్నటి ఎమరీ పేపర్‌తో మెరుపు తీస్తారంతే, కింద ఉన్న ఫ్యాక్టరీ బేస్ కోట్ అలాగే ఉంటుంది. ఖర్చు పెరుగుతుంది, హ్యాండిల్, బీడింగ్, లైట్ లాంటివి విప్పి పెట్టాల్సిన పని పెరుగుతుంది, ఆ ఫెండర్ మీద కూడా మందం పెరుగుతుంది, ఇవన్నీ నిజమే. అయినా రోజూ కళ్ల ముందు ఉండే బండికి నేను ఈ ఖర్చే పెట్టమంటాను.

ఒక హెచ్చరిక. బ్లెండింగ్ అనేది తప్పుడు షేడ్‌ని కప్పిపుచ్చే మందు అనుకోకూడదు. టెస్ట్ కార్డు మీద స్పష్టంగా ముదురుగా ఉన్న రంగుని పక్క ప్యానెల్‌లోకి లాగితే, మచ్చ పెద్దదవుతుంది తప్ప పోదు. ముందు షేడ్ దగ్గరకు రావాలి, ఆ తర్వాతే కలపడం. కలిపే అంచులో రంగు పొడిగా పడితే రేకులు గరుకుగా నిలబడి నల్లటి మబ్బులా ఒక పట్టీ కనిపిస్తుంది. దాన్ని తప్పించడానికే మంచి పెయింటర్లు ముందు పారదర్శకమైన బ్లెండర్ కోటు తడిగా వేసి, దాని మీదకి రంగుని దించుతారు. చివర్లో ప్రెషర్ తగ్గించి, గన్‌ని దూరం పట్టి ఒక తేలికపాటి కోటు కొడతారు, మబ్బులు మబ్బులుగా కనిపించకుండా రేకులు సమంగా పడటానికి.

ప్యానెల్ మధ్యలో క్లియర్ ఆపే పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. ఫేడ్ అవుట్ థిన్నర్‌తో క్లియర్ అంచుని కరిగించి పాలిష్ చేస్తే మొదట్లో అద్భుతంగా ఉంటుంది. కానీ ఆ అంచు దగ్గర క్లియర్ మరీ పల్చన, ఎండకీ పాలిషింగ్‌కీ కొన్నాళ్లకి అక్కడే గీత తేలుతుంది, పొర లేస్తుంది. వెనక క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం పైన ఉండే భాగం) గ్యాప్ లేకుండా రూఫ్‌లోకి వెళ్లిపోయే బండ్లలో మాత్రం ఈ సమస్య తప్పించుకోలేనిది. అక్కడ కూడా వీలైతే రూఫ్ అంచు మొత్తం కలిపి క్లియర్ వేయమనాలి, లేదంటే ప్యానెల్ అతి సన్నగా ఉండే చోట, కన్ను ఆగని చోట ముగించమనాలి.

బంపర్ సంగతి వేరు. అది ప్లాస్టిక్, చాలా బండ్లలో ఫ్యాక్టరీలోనే బాడీ నుంచి విడిగా రంగు వేస్తారు, కొత్త బండిలోనే బంపర్ షేడ్ ఒక పిసరు తేడాగా ఉండటం మామూలే. కాబట్టి బంపర్ ఒక్కటే దెబ్బతింటే ఫెండర్లలోకి బ్లెండ్ చేయించాల్సిన పని లేదు, బంపర్ వరకే చాలు. రంగు మాత్రం ఫెండర్‌కి పోల్చి చూసి కలపమనండి.

మూడు పొరల రంగులు, అంటే కింద ఒక రంగు, మధ్యలో పారదర్శకంగా పెర్ల్ లేదా రంగు పొర, పైన క్లియర్ ఉండేవి, ఇంకా కష్టం. మాజ్దా కార్ల సోల్ రెడ్ లాంటి రంగుల్లో మధ్య పొర ఒక కోటు ఎక్కువైతే ముదురు, ఒక కోటు తక్కువైతే లేత. ఇక్కడ ఒకే కార్డు మీద ఒక కోటు, రెండు కోట్లు, మూడు కోట్లు అని పట్టీలుగా కొట్టి, ఏది కలిసిందో చూసి ఆ లెక్కనే డోర్ మీద వేయాలి. ఇలాంటి రంగుకి ఒక్క ప్యానెల్‌తో సరిపెడతానని పెయింటర్ అంటే ఒప్పుకోకండి.

అసలు రంగే వేయించక్కర్లేని సందర్భం కూడా ఉంది. సొట్ట పడింది కానీ పెయింట్ పగల్లేదు అంటే, ముందుగా, లోపలి వైపు నుంచి నొక్కి సొట్ట తీసే వాళ్లని అడగండి. ఫ్యాక్టరీ రంగుని మించిన మ్యాచ్ ఏ డబ్బాలోనూ దొరకదు. రాయి తగిలి లేచిన చిన్న చుక్కలకి టచప్ పెన్ చాలు, దగ్గర నుంచి తెలుస్తుంది, తుప్పు మాత్రం ఆగుతుంది. డోర్ సైజు పనిని స్ప్రే డబ్బాతో ఇంట్లో చేయాలనుకుంటే మెటాలిక్‌లో వద్దంటాను. డబ్బా నాజిల్‌తో రేకుల్ని అదుపు చేయడం చాలా కష్టం, పైగా హార్డ్‌నర్ (గట్టిపరిచే ద్రవం) కలిసే క్లియర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, మామూలు మాస్క్ వాటిని ఆపదు.

బండి ఇచ్చే ముందు పెయింటర్‌ని అడగాల్సినవి ఇవి. ఏ వేరియంట్ తీసుకున్నారు, టెస్ట్ కార్డు చూపిస్తారా, పక్క ప్యానెల్ మీద క్లియర్ అంచు వరకూ వేస్తారా. డోర్‌ని విప్పి బల్ల మీద పడుకోబెట్టి కొడతారా, బండికి బిగించి నిలువుగా ఉంచి కొడతారా అని కూడా అడగండి. లోపలి అంచులు విడిగా కొట్టినా ఫర్వాలేదు, బయటి వైపు మాత్రం బండి మీదే, పక్క ప్యానెళ్లతో ఒకే ఊపులో పడితే రేకులు అన్నిచోట్లా ఒకే తీరుగా కుదురుకుంటాయి. తీసుకునేటప్పుడు షెడ్డులో చూసి సంతకం పెట్టకండి. బండిని ఎండలోకి తీయించి, ముందు మూల నుంచి వెనక మూల దాకా నడుస్తూ చూడండి, తర్వాత నీడలోకి పెట్టించి ఇంకోసారి చూడండి. ఎక్కడైనా తేడా కనిపిస్తే అక్కడే, అప్పుడే చెప్పండి.