నెల్లూరులో అత్యవసర వైద్య సహాయకుల కోర్సు: మా తమ్ముడిని చేర్పించిన అనుభవం

మేము కావలి వాళ్ళం. మొదట చూసిన సంస్థ ఫీజు తక్కువే చెప్పింది గాని, ఆంధ్రప్రదేశ్ పారామెడికల్ బోర్డు గుర్తింపు పత్రం చూపించమని అడిగితే మాట దాటవేసింది; ధ్రువపత్రం విలువంతా ఆ గుర్తింపులోనే ఉంటుంది కనుక అక్కడినుంచి వెనుదిరిగాము.

తమ్ముడు చేరిన రెండవ సంస్థలో మమ్మల్ని ఆకట్టుకున్నది సాధన. గుండె ఆగినవారికి చేసినట్టే బొమ్మ ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతున నొక్కడం, ప్రతి 30 నొక్కులకు 2 శ్వాసలు ఇవ్వడం, విరిగిన కాలు కదలకుండా బద్దలు కట్టడం, మెడ కదలనీయకుండా క్షతగాత్రుడిని స్ట్రెచర్ మీదకు చేర్చడం, ఇవన్నీ చేతికి అలవాటయ్యేదాకా చేయించారు. కోల్‌కతా, చెన్నై జాతీయ రహదారి మన జిల్లా మీదుగానే పోతుంది. ఆ రహదారి మీద మా నాన్నగారు పడిపోయిన రోజున 108 అంబులెన్సులో వచ్చిన యువకుడు రక్తం ఆపిన తీరు మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు, తమ్ముడు ఈ చదువు కోరుకున్నదీ అందుకే.

లోపం ఒకటుంది. ఆసుపత్రి అత్యవసర విభాగంలో తగినన్ని రోజులు ఉంచినా, అంబులెన్సు వెంట పంపిన రోజులు చాలా తక్కువ. చేరేముందే ఆ లెక్కను రాతపూర్వకంగా అడగండి. ఛాతీ నొక్కడం, శ్వాస ఇవ్వడం నేర్చుకున్నందుకు ఇచ్చే ప్రాథమిక ప్రాణరక్షణ (బీఎల్‌ఎస్) కార్డు గడువు రెండేళ్ళే కాబట్టి, దానిని మళ్ళీ తీసుకునే ఖర్చు ఫీజులో చేరి ఉందో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి.