టీఎస్ బీపాస్‌లో ఇంటి పర్మిషన్ తీసుకున్నాక
తెలంగాణలో 2020 చట్టంతో వచ్చిన ఈ ఆన్‌లైన్ ఇంటి అనుమతుల పద్ధతిలో 75 గజాల లోపు స్థలంలో జీ ప్లస్ వన్ (కింద అంతస్తు, దానిపై ఇంకొకటి) వరకు కట్టుకునేవాళ్లకు పర్మిషనే అక్కర్లేదు, రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు, చిన్నవాళ్లకి ఇది నిజంగా ఊరట. మాది 200 గజాలు, సొంత డిక్లరేషన్ మీదే అనుమతి పత్రం వెంటనే వచ్చేసింది. అసలు టెన్షన్ ఆ తర్వాతే. 21 రోజుల్లోపు తనిఖీకి వస్తారు, మనం రాసిచ్చింది తప్పని తేలితే అనుమతి రద్దు, ఆ తర్వాత కూడా కడితే నోటీసు లేకుండానే కూల్చేయొచ్చు. మా మున్సిపాలిటీ నుంచి వచ్చినాయన గేటు ముందు టేపు పరిచి, దస్తావేజులో రోడ్డు 30 అడుగులుంటే ఇక్కడ 27 అడుగులే ఉందేంటని గొణిగాడు. ప్లాన్ గీసినాయనకి ముందే ఈ మాత్రం తెలియదా! ఆన్‌లైన్ వరకు నాలుగు స్టార్లు. అప్లై చేసేముందు రోడ్డు మీరే కొలుచుకోండి.