ఎయిడ్స్ ప్రచారం: భయపెట్టడమా, భరోసా ఇవ్వడమా? ఏది మేలు?

తొంభైలలో ఎయిడ్స్ పోస్టర్ అంటే పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు, 'ఎయిడ్స్‌కు మందు లేదు' అని ఎర్రటి అక్షరాలు. ఆస్ట్రేలియావాళ్లు 1987లోనే ఇంతకన్నా భయంకరంగా ఓ టీవీ ప్రకటన తీశారు. అందులో ముసుగు వేసుకున్న మృత్యువు బౌలింగ్ బంతి విసురుతుంటే ఆడామగా, పిల్లాజెల్లా కుప్పకూలిపోతారు.

భయానికి ఉన్న బలం కాదనలేం. ఎవరూ పెదవి విప్పని విషయం మీద ఒక్క రోజులో అందరి చూపూ పడేలా చేస్తుంది. పైగా అప్పట్లో సరైన మందు లేదు కాబట్టి ఆ మాట అబద్ధమూ కాదు. కానీ పోస్టర్ చూసినవాడు టెస్టుకు ఎందుకు వెళ్తాడు? వెళ్తే చావు కబురే కదా అనుకుంటాడు. అంతకన్నా ఘోరం ఇంకోటి జరిగింది. పుర్రె బొమ్మ మీది భయం జబ్బును వదిలేసి జబ్బుపడ్డ మనిషికి అంటుకుంది. వాళ్లకు అద్దె ఇల్లు, బడిలో సీటు, ఉద్యోగం నిరాకరించకూడదని 2017లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టమే చేయాల్సి వచ్చింది.

మన దగ్గర 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' హోర్డింగులు భయం, భరోసా అనే ఈ రెండు దారుల్లోనూ పోలేదు, కుతూహలం రేపాయి. టీకొట్టు దగ్గర ఆ మాట పైకి అనగలిగేలా చేశాయి. నా దృష్టిలో అది చిన్న విషయం కాదు.

భరోసాకు అసలైన ఆధారం 2004 ఏప్రిల్ 1న దొరికింది. ఆ రోజు నుంచి ప్రభుత్వం వైరస్‌ను అణిచి ఉంచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. నెలలు నిండుతున్న ఓ అమ్మాయి ప్రభుత్వాసుపత్రి ఓపీ వరుసలో కూర్చుని ఉందనుకోండి. 'ఈ జబ్బు వస్తే చావే' అంటే ఆమె లేచి ఇంటికి వెళ్లిపోతుంది. 'నీకు ఉన్నా బిడ్డకు రాకుండా ఆపొచ్చమ్మా' అంటే చెయ్యి చాపి రక్తం ఇస్తుంది. ఇది ఊరడింపు కోసం చెప్పే మాట కాదు. ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం, సరైన చికిత్స అందితే 5 శాతం లోపే. మందులు క్రమం తప్పకుండా వేసుకుని వైరస్ పరీక్షకు కూడా అందనంత తగ్గిపోతే శృంగారం ద్వారా భాగస్వామికి సోకదు. ఈ కబురు మన ఊళ్లలో ఇప్పటికీ చాలామందికి చేరలేదు. నా బాధంతా ఇదే.

భరోసాకూ ఓ షరతుంది. మందులిచ్చే కేంద్రంలో మాత్రలు నిండుకుంటే అది మోసమవుతుంది.

మరి భయం ఎక్కడా పనికిరాదా? సిగరెట్ పెట్టె మీద పనికొస్తుంది. 2016 నుంచి పెట్టెలో 85 శాతం మేర హెచ్చరిక బొమ్మే. అక్కడ భయం వస్తువు మీద పడుతుంది, మనిషి మీద కాదు. 2018 నుంచి దాని పక్కనే మానడానికి సాయం చేసే ఫోన్ నంబరూ వేస్తున్నారు. భయపెట్టి వదిలేయకుండా దారి కూడా చూపిస్తున్నారన్నమాట.

ఎయిడ్స్ విషయంలో మాత్రం నా ఓటు పూర్తిగా భరోసాకే. డిసెంబరు 1న వచ్చే ప్రపంచ ఎయిడ్స్ దినానికి పోస్టర్లు వేయించేవాళ్లు పుర్రె తీసేసి, ఆ చోట, సలహాలిచ్చి రక్తపరీక్ష చేసే ఐసీటీసీ కేంద్రం దగ్గర్లో ఏ ఆసుపత్రిలో, ఏ గదిలో ఉందో రాయించండి. కింద 1097 హెల్ప్‌లైన్ నంబరు పెద్దక్షరాల్లో వేయించండి. ఫోన్ చేయడానికి డబ్బులేమీ పడవని కూడా చెప్పండి.