హెచ్‌ఐవీ మందులకు పెద్దాసుపత్రి ఏఆర్‌టీ కేంద్రమా, దగ్గరి లింక్ కేంద్రమా?

ప్రభుత్వం హెచ్‌ఐవీ మందులను ఉచితంగా ఇవ్వడం 2004లో మొదలైంది. జీవితాంతం వాడాల్సిన మందు, పరిమితమైన నిధులు. కనుక అన్ని వసతులున్న ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) కేంద్రం ప్రతి పట్టణానికీ రాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రుల్లో అవి ఉన్నాయి. వైద్యుడు, కౌన్సెలరు అక్కడే ఉంటారు. మందు పనిచేయకపోతే మార్పించుకోవడానికీ అక్కడికే వెళ్లాలి.

ఏఆర్‌టీ కేంద్రానికి అనుబంధంగా నడిచే లింక్ కేంద్రం చిన్నది. ఉన్న ఆసుపత్రిలో, ఉన్న సిబ్బందితోనే నడుస్తుంది కాబట్టి ఖర్చు తక్కువ. ప్రధానంగా ఆరోగ్యం కుదుటపడినవారికి మందులు అందిస్తుంది.

దేవరకొండ వైపు తండా నుంచి నల్లగొండకు వచ్చే కూలీకి మందు ఉచితమే, ఆ రోజు కూలి మాత్రం పోతుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్టు ఖర్చు లేదు. మగవారికి ఆ ఖర్చూ తప్పదు. డబ్బు లెక్కన లింక్ కేంద్రమే మేలు. అయినా దూరానికే మొగ్గేవారున్నారు, వరుసలో తెలిసిన ముఖం ఎదురవుతుందన్న భయంతో. వ్యాధి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం చెబుతోంది. ఊరివాళ్ల చూపులను ఏ చట్టం ఆపుతుంది?

నా మొగ్గు లింక్ కేంద్రానికే, ఒకేసారి రెండు మూడు నెలల మందులు చేతికిస్తే.